ఇంటి వెనక రెండు గేదెలు, చేతిలో కార్పొరేషన్ నోటీసు: ఇప్పుడేం చేయాలి?

అమ్మా, మీరు రాసినదాన్ని నేను అర్థం చేసుకున్నది ఇదీ. మీ ఇల్లు విజయనగరం శివారులో, పట్టణంలో కలిసిపోయిన ఒకప్పటి ఊళ్లో ఉంది. స్థలం రెండు వందల గజాలు. మీ అత్తగారు ముప్ఫై ఏళ్లుగా అక్కడే పాడి చేస్తున్నారు. ఇప్పుడు రెండు గేదెలు, ఒక పెయ్య, నాలుగు కోళ్లు ఉన్నాయి. గేదెల్లో ఒకటి నిండు చూడిది. వీధిలో కొన్ని ఇళ్లకు పాలు పోస్తారు. వెనక ఖాళీ స్థలంలో అపార్టుమెంటు లేచాక వాసన, ఈగలు అంటూ గొడవ మొదలైంది. చివరికి ఏడు రోజుల్లో పశువులను తీసేయాలని కార్పొరేషన్ నోటీసు అంటించింది. ఇది రెసిడెన్షియల్ జోన్ కాబట్టి పశువులు ఉండకూడదంటున్నారు, అది నిజమేనా? వాళ్లకంటే ముందు నుంచి మేమున్నాం కదా? లైసెన్సు తీసుకోవాలా? గేదెలను అలమండ పశువుల సంతకు తోలేయడం తప్ప దారి లేదా? ఇవీ మీ ప్రశ్నలు.

నేను ఉత్తరాంధ్ర మున్సిపాలిటీల్లో శానిటరీ ఇన్‌స్పెక్టరుగా పనిచేసి రిటైరయ్యాను. ఇలాంటి నోటీసులు రాసినవాణ్ని, వాటికి జవాబులు అందుకున్నవాణ్ని. అందుకే మీరు వినాలనుకునే మాట కాకుండా, ఆఫీసు లోపల ఈ ఫైలు ఎలా నడుస్తుందో చెబుతాను.

మొట్టమొదట నోటీసు మళ్లీ చదవండి. కంగారులో అందరూ "ఏడు రోజులు" అన్నచోటే ఆగిపోతారు. ఏ చట్టం, ఏ సెక్షన్, ఎవరి సంతకం అన్నవి చూడరు. మీ గొడవలో నాలుగు వేర్వేరు విషయాలు కలిసిపోయి ఉన్నాయి. జోనింగ్ ఒకటి. షెడ్డు కట్టడం రెండోది. పాల వ్యాపారానికి లైసెన్సు మూడోది. న్యూసెన్స్, అంటే చుట్టుపక్కల వాళ్లకు కలిగే ఇబ్బంది, నాలుగోది. వీటిని చూసే సెక్షన్లు వేరు, వీటికి చెప్పాల్సిన జవాబులూ వేరు. టౌన్ ప్లానింగ్ వాళ్లు ఇచ్చిన నోటీసుకు "మా దగ్గర ఈగలు లేవు" అని జవాబు రాస్తే ఉపయోగం లేదు. ప్రజారోగ్యం వాళ్లు ఇచ్చినదానికి ఇంటి పన్ను రసీదులు జత చేసినా అంతే.

ఏ చట్టం వర్తిస్తుందన్నది మీరుండే చోటును బట్టి ఉంటుంది. విజయనగరం, శ్రీకాకుళం రెండూ ఇప్పుడు కార్పొరేషన్లు, కాబట్టి అక్కడ మున్సిపల్ కార్పొరేషన్ల చట్టం వర్తిస్తుంది. బొబ్బిలి, రాజాం, ఆమదాలవలస, ఇచ్ఛాపురం లాంటి చోట్ల 1965 నాటి మున్సిపాలిటీల చట్టం. పల్లెలకు 1994 పంచాయతీరాజ్ చట్టం. కణపాక, ధర్మపురి, గాజులరేగ, అయ్యన్నపేట వైపు వెళితే ఇప్పటికీ వీధి చూడ్డానికి ఊరిలాగే ఉంటుంది. ఇంటి ముందు గడ్డివాము, అరుగు పక్కన కుడితి తొట్టి, గోడకు పిడకలు కనిపిస్తాయి. కానీ ఒకసారి పట్టణంలో కలిశాక "మాది ఊరు, ఇక్కడ ఎప్పుడూ అడగలేదు" అన్న మాట కాగితం మీద నిలవదు. ఊరు కలిసిన రోజున ఇంటి పన్ను పెరుగుతుందని అందరికీ తెలుసు, గేదె మీద కూడా కొత్త నియమాలు వస్తాయని ఎవరూ చెప్పరు. మీ అత్తగారి కోపంలో న్యాయం ఉంది.

ఇక జోనింగ్. విజయనగరం పట్టణం విశాఖపట్నం మెట్రో ప్రాంత అభివృద్ధి సంస్థ, అంటే వీఎంఆర్‌డీఏ పరిధిలోకి వస్తుంది. శ్రీకాకుళం వైపు అలాంటిదే సుడా, అంటే శ్రీకాకుళం పట్టణాభివృద్ధి సంస్థ ఉంది. మాస్టర్ ప్లాన్‌లో ప్రతి సర్వే నంబరుకూ ఒక రంగు ఉంటుంది. ఆ రంగును బట్టి అక్కడ ఏం చేయొచ్చో, ఏం చేయకూడదో ప్లాన్‌తోపాటు వచ్చే జోనింగ్ నిబంధనల్లో రాసి ఉంటుంది. నివాస జోన్‌లో డెయిరీ ఫారం, కోళ్ల ఫారం, పందుల పెంపకం లాంటివాటిని సాధారణంగా ఒప్పుకోరు. ఆఫీసులో మీకు చెప్పిన మాటకు ఆధారం ఇదే. అయితే డెయిరీ ఫారం పెట్టడం, ఇంట్లోవాళ్ల వాడకానికి ఒకటి రెండు పాడి పశువులు ఉంచుకోవడం ఒకటి కాదు. అసలు వాదన ఈ రెండింటి మధ్యే ఉంటుంది. కింది స్థాయి ఉద్యోగి నోటితో "జోన్ ఒప్పుకోదు" అని తేల్చేస్తే ఒప్పుకోకండి. మీ సర్వే నంబరు ఏ జోన్‌లో ఉందో, ఆ జోన్‌లో పశువుల గురించి నిబంధన అచ్చంగా ఏమని ఉందో కాగితం మీద అడగండి. సమాచార హక్కు కింద పది రూపాయల ఫీజుతో దరఖాస్తు పెడితే 30 రోజుల్లో ఇవ్వాలి. మీ స్థలాన్ని తనిఖీ చేసినప్పుడు రాసిన రిపోర్టు కాపీ కూడా అదే దరఖాస్తులో అడగండి. తనిఖీయే జరగకుండా ఫిర్యాదు కాగితం చూసి తయారైన నోటీసులు ఉంటాయి. అలాంటిదైతే అది అక్కడే బయటపడుతుంది.

నా అనుభవంలో చిన్న ఇళ్ల మీద జోనింగ్ మాట చెప్పి, చేతల్లో మాత్రం షెడ్డు మీదికి వస్తారు. పశువు ఇబ్బందా కాదా అని తేల్చడం కష్టం. రేకుల షెడ్డునైతే టేపు పెట్టి కొలవొచ్చు. ప్రహరీ గోడకు ఆనించి, సెట్‌బ్యాక్ కింద చుట్టూ ఖాళీగా వదలాల్సిన చోట ఇనుప గొట్టాలు పాతి రేకులు వేస్తే అది అనుమతి లేని కట్టడం కింద లెక్క. మీ సాల, అంటే పశువుల పాక, వెనక గోడకు ఆనుకుని ఉందని మీరే రాశారు. అపార్టుమెంటు కిటికీలు కూడా అటువైపే. చట్టం సంగతి పక్కన పెట్టినా, సాలను అక్కడి నుంచి కదిపితే మీ సమస్య సగం తేలికవుతుంది. సిమెంటు స్తంభాలు పోసి కట్టినది కాకపోతే ఇది ఒకటి రెండు రోజుల పని.

"ముందు నుంచి ఉన్నాం" అన్నదాని గురించి ఉన్నమాట చెప్పాలి, నచ్చకపోయినా. జోనింగ్ దగ్గర ఆ మాటకు కొంత బలం ఉంది. ప్లాన్ రాకముందు నుంచే ఈ వాడకం ఉందని చూపించగలిగితే అధికారి దాన్ని పరిగణనలోకి తీసుకోవాల్సి వస్తుంది. దానికి ఆధారాలు వెతకండి. పాత పాల సంఘం పాస్‌బుక్కు, పశువుల బీమా కాగితాలు, పశువైద్యశాల చీటీలు, ఊరు పంచాయతీగా ఉన్ననాటి పన్ను రసీదులు పనికొస్తాయి. గేదె చెవికి వేసిన 12 అంకెల ట్యాగుకు పశుసంవర్ధక శాఖ దగ్గర రికార్డు ఉంటుంది. న్యూసెన్స్ దగ్గర మాత్రం ముప్ఫై ఏళ్లూ పనిచేయవు. పదిమందికి ఇబ్బంది కలిగించే పని ఎన్నేళ్లు చేసినా హక్కు కాదు. దానివల్ల కొందరికి మేలు ఉందన్నది కూడా సాకు కాదని చట్టంలోనే ఉంది. భారతీయ న్యాయ సంహితలో ఇది 270వ సెక్షన్, పాత శిక్షాస్మృతిలో 268. అపార్టుమెంటు వాళ్లు నిరుడే వచ్చినా సరే, కాలువలో పేడ పారుతుంటే వాళ్లకు అడిగే హక్కు ఉంటుంది.

కాబట్టి ఫైలు ఎటు తిరుగుతుందన్నది జోన్ రంగు కంటే ఎక్కువగా మీ పేడ, మూత్రం ఎక్కడికి పోతున్నాయన్నదాని మీద ఆధారపడి ఉంటుంది. తనిఖీకి వెళ్లినప్పుడు నేను గేటు తీసి లోపలికి వెళ్లేవాణ్ని కాదు. ముందు వీధి కాలువ దగ్గర ఆగేవాణ్ని. ఆ ఇంటి తూము కాలువలో కలిసేచోట ఆకుపచ్చటి పేడ నురగ కట్టి, కింద మెత్తగా పేరుకుపోయి, దాని మీద ప్లాస్టిక్ కవర్లు అడ్డం పడి నీళ్లు నిలిచిపోయాయంటే ఇక లోపల చూడాల్సింది పెద్దగా ఉండదు. తూము పొడిగా ఉంటే లోపల పది పశువులున్నా కూర్చుని మాట్లాడొచ్చు అనుకునేవాణ్ని. చాలామంది ఇన్‌స్పెక్టర్ల కన్ను ముందు అక్కడికే పోతుంది. మీరు ఈ రోజే వెళ్లి మీ తూము చూడండి.

లెక్క చూద్దాం. పెద్ద గేదె రోజుకు 15 నుంచి 20 కిలోల పేడ వేస్తుంది. మూత్రం కూడా లీటర్ల కొద్దీ ఉంటుంది. రెండు గేదెలంటే నెలకు టన్నుకు అటూ ఇటూగా పేడ. పల్లెలో ఇది బరువు కాదు, బంగారం. పెంటకుప్పలో పడి గత్తమై వేసవిలో పొలానికి పోతుంది. రెండు వందల గజాల్లో ఇల్లు పోగా మిగిలే జాగాలో టన్ను పేడను నెలల తరబడి ఉంచడం కుదరదు. చాలా ఇళ్లలో జరిగేది ఏమిటంటే, పొద్దున పాలు తీశాక పైపు పెట్టి పేడా మూత్రం కలిపి కాలువలోకి తోసేస్తారు. సాల శుభ్రంగా కనిపిస్తుంది, వీధి పాడవుతుంది. గొడవలన్నిటికీ మూలం ఆ పైపే.

అలవాటు మార్చండి. పేడను నీళ్లు తగలకుండా పారతో ఎత్తాలి. ఆ తర్వాతే కొద్ది నీళ్లతో కడగాలి. ఆ కడిగిన నీళ్లు కాలువలోకి కాకుండా ఒక తొట్టిలోకి పోవాలి. వాసన ఎక్కడి నుంచి వస్తుందో తెలిస్తే ఈ పని ఎందుకో అర్థమవుతుంది. మూత్రంలో యూరియా ఉంటుంది. అది పేడలోని సూక్ష్మజీవులతో కలిసినప్పుడు అమ్మోనియాగా మారి కళ్లు మండే ఘాటు పుడుతుంది. రెండింటినీ ఎంత త్వరగా విడదీస్తే ఘాటు అంత తగ్గుతుంది. నేలకు వెనకవైపు వాలు ఉండాలి. పదడుగుల పొడవుకు మూడంగుళాల దింపు చాలు. గేదె వెనక కాళ్ల దగ్గర జానెడు వెడల్పు సిమెంటు కాలువ ఒకటి తీసి, మూలనున్న తొట్టిలో కలపాలి. ఆ తొట్టి బావికీ బోరుకూ దూరంగా ఉండాలి. గుంతలు పడిన నేల మీద మూత్రం నిలిస్తే ఎన్నిసార్లు కడిగినా వాసన పోదు. ముందు గుంతలు పూడ్చండి, తడి ఉన్నచోట ఊక చల్లండి. మన వైపు రైసుమిల్లులకు కొదవ లేదు, ఊక దొరకడం కష్టం కాదు.

ఈగల సంగతి మీ పొరుగువాళ్లు ఎక్కువ చేసి చెప్పడం లేదు. మన ఎండలకు ఈగ గుడ్డు పెట్టినప్పటి నుంచి రెక్కల ఈగ అయ్యేదాకా వారం, పది రోజులు పడుతుంది. పేడ అంతకంటే ముందే ఇంటి నుంచి బయటకు పోతే అక్కడ ఈగ పుట్టదు. వారానికి రెండుసార్లు ఎత్తించాలని నేను చెప్పేది అందుకే. మందు కొట్టించడం కంటే ఇది నయం. కుప్ప ఉన్నన్ని రోజులు టార్పాలిన్ కప్పి, అంచుల్లో పొడి సున్నం చల్లండి. వానాకాలంలో కప్పకపోతే ఒక్క రాత్రి వానకు కుప్పంతా వీధిలోకి వస్తుంది. తిత్లీ, గులాబ్ తుఫాన్లు చూసిన జిల్లాలకు ఆ సంగతి విడమరిచి చెప్పక్కర్లేదు.

ఎత్తిన పేడ ఎక్కడికి? పట్టణ శివారులో పాడి చేసుకుంటూ ఎవరితోనూ మాట పడని ఒక పెద్దావిడ ఇల్లు నాకు బాగా గుర్తు. ఆమెకు దగ్గరి ఊళ్లో ఒక రైతుతో ఒప్పందం ఉండేది. అతను ఎండుగడ్డి మోపులు దింపేవాడు, తిరుగు బండిలో పేడ సంచులు ఎక్కించుకునేవాడు. డబ్బు మాటే లేదు. పాత యూరియా సంచుల్లో పేడ నింపి, మూతి కుట్టి, గోడ పక్కన వరసగా పెట్టేది. సంచులు ఎన్ని ఉన్నాయో చూస్తే బండి వచ్చి ఎన్ని రోజులైందో తెలిసిపోయేది. మీకూ చుట్టాల ఊళ్లో పొలం ఉంటుంది, లేదా కూరగాయలు పండించేవాళ్లు తెలిసే ఉంటారు. ఆ ఏర్పాటు చేసుకుని, తీసుకెళ్లే రైతు చేత ఒక తెల్లకాగితం మీద రాయించి సంతకం పెట్టించండి. నోటీసుకు జవాబులో జత చేయగల కాగితాల్లో దానికి మించింది లేదు. ప్రకృతి సేద్యం చేసేవాళ్లు జీవామృతానికి ఆవు పేడ, ఆవు మూత్రం అడుగుతారు, గేదెది అంతగా అడగరు. కాబట్టి మామూలు గత్తం వాడే రైతునే చూసుకోండి.

గోబర్ గ్యాస్ పెడితే సమస్య తీరుతుందా అని కూడా అడిగారు. ఒక ఘనపు మీటరు గ్యాసుకు పాతిక కిలోల పేడ కావాలి. మీ రెండు గేదెలతో చిన్న ప్లాంటు నడుస్తుంది, టీ కాఫీలకు, ఒక పూట వంటకు పనికొస్తుంది. కానీ పేడ మాయం కాదు. వేసినంతా నీళ్లతో కలిసి స్లర్రీగా అటువైపు నుంచి బయటికొస్తుంది. దాన్ని పెట్టుకునే చోటు లేనప్పుడు గట్టి పేడను నీళ్ల పేడగా మార్చుకున్నట్టే అవుతుంది. మీ స్థలంలో వద్దంటాను.

చోటు కొలత కూడా చూసుకోండి. లెక్క ప్రకారం ఒక గేదెకు పైకప్పు కింద 4 చదరపు మీటర్లు, ఆరుబయట తిరగడానికి 8 చదరపు మీటర్లు కావాలి. ఆవుకు మూడున్నర, ఏడు. రెండు గేదెలకు కలిపి దాదాపు 260 చదరపు అడుగులు. మీ దగ్గర అంత ఉంటుంది. మూడోదానికి ఉండదు, పెయ్య పెరిగాక అదే మూడోది అవుతుంది. ఈ లెక్క తెలియకే గుంకలాం లాంటి పెద్ద ప్రభుత్వ ఇళ్ల లేఅవుట్లలో సెంటు స్థలం వచ్చినవాళ్లు పాత ఊరి నుంచి గేదెను కూడా తెచ్చుకుంటామంటారు. సెంటు అంటే 435 చదరపు అడుగులు. ఇల్లు కట్టాక గేదె కాదు కదా, దాని గడ్డిమోపు పెట్టడానికి చోటుండదు. రోజంతా పొట్టి పలుపుతో కదలకుండా కట్టేయడం 1960 నాటి జంతుహింస నివారణ చట్టం ప్రకారం నేరం కూడా. పాలు సేపడానికి ఇంజక్షన్ ఇస్తే అదే చట్టం మరింత గట్టిగా పట్టుకుంటుంది. మీ ఇంట్లో అది లేదనే అనుకుంటున్నాను. ఫిర్యాదు చేసేవాళ్లు తరచు ఆ ఆరోపణ కూడా కలుపుతారు కాబట్టి చెబుతున్నాను.

లైసెన్సు సంగతి. ఇంటివరకే పాలు వాడుకుంటే మామూలుగా ఈ ప్రశ్న రాదు. అమ్ముతున్నారంటే అది వ్యాపారం. పట్టణంలో అమ్మకానికి పాడి పశువులను ఉంచాలంటే కార్పొరేషన్ ట్రేడ్ లైసెన్సు కావాలి, ఆహార భద్రత విభాగం దగ్గర చిన్న అమ్మకందారుగా రిజిస్ట్రేషన్ కూడా కావాలి. పాలన్నీ సహకార సంఘానికే పోసే సభ్యులకు ఆ రిజిస్ట్రేషన్ నుంచి మినహాయింపు ఉంది. మీ మనసులోని భయం నాకు తెలుసు. లైసెన్సుకు దరఖాస్తు పెడితే "అవును, మేం డెయిరీ నడుపుతున్నాం" అని మనమే రాసిచ్చినట్టు, ఆ కాగితం మీదే నివాస జోన్ అంటూ తిరస్కరిస్తారు. ఆ భయం ఉత్తిది కాదు. రెండు గేదెల ఇంటికి నా సలహా ఏమిటంటే, ముందు నోటీసు సంగతి తేల్చుకోండి. ఈలోగా ఇంటి దగ్గర క్యానులు పెట్టి పాలు పోయడం మానేసి, మిగిలిన పాలు సంఘం కేంద్రంలో పోయండి. లీటరుకు కొంత తక్కువ వస్తుంది. కానీ మీ ఇంటిముందు పొద్దున్నే బళ్లు ఆగవు, ఫిర్యాదులో డెయిరీ అన్న మాటకు ఆధారం దొరకదు.

ఇక జవాబు. ఏడు రోజుల గడువు దాటనివ్వకండి. ఇన్వార్డులో, అంటే ఆఫీసులో కాగితాలు తీసుకునే చోట ఇచ్చి, మీ కాపీ మీద సీలు, తేదీ వేయించుకోండి. ఉత్త చేతులతో వెళ్లి సార్ సార్ అని బతిమాలి వస్తే ఫైల్లో ఏమీ మిగలదు. "జవాబు రాలేదు" అనే రాస్తారు. ఇలా రాయొచ్చు:

"ఫలానా తేదీన మాకు అందిన నోటీసుకు ఇది జవాబు. మా ఆవరణలో రెండు పాడి గేదెలు, ఒక పెయ్య ఉన్న మాట వాస్తవం. ఇవి చాలాకాలంగా మా కుటుంబ పోషణకు ఉంచుకున్నవి. ఇందుకు ఆధారాలు జతచేస్తున్నాం. వెనక గోడకు ఆనుకుని ఉన్న సాలను తొలగించి ఇంటికి తూర్పువైపుకు మార్చాం. పేడ, మూత్రం మురుగు కాలువలోకి పోకుండా విడిగా తొట్టి కట్టించాం. పేడను వారానికి రెండుసార్లు ఫలానా గ్రామ రైతు తన పొలానికి తీసుకువెళ్తున్నారు. ఆయన రాసిచ్చిన కాగితం జతచేశాం. పశువులకు టీకాలు వేయించిన వివరాలు జతచేశాం. తనిఖీ నివేదిక ప్రతిని, నోటీసుకు ఆధారమైన నిబంధన ప్రతిని ఇప్పించగలరు. మా సమక్షంలో స్థలాన్ని మరోసారి చూసి, మా మాట విన్న తర్వాతే తదుపరి చర్య తీసుకోవాలని కోరుతున్నాం."

చేయని పని చేశామని మాత్రం రాయకండి. ముందు పని, తర్వాత కాగితం. తొట్టి కట్టిన, సాల మార్చిన ఫొటోలు తేదీ కనబడేలా తీసి పెట్టండి. టీకాల వివరాలు ప్రాంతీయ పశువైద్యశాలలో ఇస్తారు. గాలికుంటు టీకా ఆరు నెలలకోసారి, గొంతువాపు టీకా వానలకు ముందు వేస్తారు. ఏదైనా వేయించకపోయి ఉంటే ఇప్పుడే అడగండి. పెయ్యకు నాలుగు నుంచి ఎనిమిది నెలల మధ్య వయసుంటే బ్రుసెల్లా టీకా కూడా వేయించండి. అది ఆ వయసులోనే వేయాలి. అత్యవసరమైతే 1962కు ఫోన్ చేస్తే పశువుల అంబులెన్సు వస్తుంది.

జవాబిచ్చాక కూడా వాళ్లు తృప్తిపడకపోతే వ్యవహారం రెవెన్యూ వైపు వెళ్లొచ్చు. కొత్త భారతీయ నాగరిక్ సురక్షా సంహిత (బీఎన్‌ఎస్‌ఎస్) 152వ సెక్షన్ కింద, అంటే పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ 133 కింద, ఎగ్జిక్యూటివ్ మేజిస్ట్రేటు న్యూసెన్స్ తొలగించమని షరతులతో ఆర్డరు ఇస్తారు. దాన్ని చూసి హడలిపోకండి. ఆ ఆర్డరులోనే హాజరై కారణం చెప్పుకునే అవకాశం ఉంటుంది. ఆ దశలో మాత్రం వకీలును పెట్టుకోండి. మీ వీధికి అసలు పక్కా కాలువే లేదని రాశారు కదా, అది అక్కడ గట్టిగా చెప్పాల్సిన మాట. రత్లాం మున్సిపాలిటీ కేసులో సుప్రీంకోర్టు 1980లోనే తేల్చింది: డబ్బుల్లేవన్న సాకుతో కాలువలు కట్టకుండా మున్సిపాలిటీ తప్పించుకోలేదు. వీధిలో నీళ్లు నిలవడానికి సగం కారణం పక్కా కాలువ లేకపోవడమైతే, మొత్తం నేరం రెండు గేదెల మీద వేయడం కుదరదు.

అపార్టుమెంటు వాళ్లు కూడా ఇది చదువుతారేమో, వాళ్లకూ రెండు మాటలు. మీకు ఇబ్బంది ఉంటే ఫిర్యాదు చేయడం తప్పు కాదు. కానీ "పశువులను తీసేయించండి" అని కాకుండా, కాలువలో పేడ కలుస్తోంది, ఫలానా రోజుల నుంచి కుప్ప ఎత్తలేదు అని చూసింది చూసినట్టు రాయండి. వార్డు సచివాలయంలో శానిటేషన్ కార్యదర్శి ఉంటారు, ముందు అక్కడ చెప్పండి. అక్కడ కదలకపోతే సోమవారం కలెక్టరేట్లో అర్జీ పెట్టొచ్చు. అన్నింటికంటే ముందు గేటు తట్టి ఒకసారి మాట్లాడండి. ఇలాంటి ఫిర్యాదుల్లో చాలావాటి అడుగున గోడ గొడవో, పార్కింగ్ గొడవో, బోరు నీళ్ల గొడవో ఉంటుంది. గేదె నోరు లేనిది కాబట్టి దాని మీద పడుతుంది. ఫ్లాట్లలో పసిపిల్లలకో, ఉబ్బసం ఉన్న పెద్దవాళ్లకో ఇబ్బంది ఉంటే అది ఆ గేదెల పెద్దావిడకు నేరుగా తెలియాలి. నోటీసు చూసి మొండికేసే మనిషి, ఆ మాట వింటే కొన్నిసార్లు తానే సాల జరుపుతుంది.

కోళ్ల గురించి పెద్దగా చెప్పేదేమీ లేదు. నాలుగు పెట్టలు ఎవరికీ అడ్డం కావు. రాత్రి గంప కింద మూయండి, రెట్ట ఎత్తేయండి. వాటిలో పుంజు ఉంటే మాత్రం ఇచ్చేయండి. తెల్లవారుజామున మూడు గంటలకు కూసే పుంజు మీద వచ్చినంత కోపం గేదె మీద రాదు. మేకలు తేవాలనుకుంటే ఆలోచించుకోండి. వదిలితే పక్కింటి కరివేపాకు మొక్క మిగలదు, రోడ్డున పడ్డవి బందెలదొడ్డికి పోతాయి. ఆ బందెలదొడ్ల చట్టం 1871 నాటిదైనా ఇంకా బతికే ఉంది. పందుల సంగతి పూర్తిగా వేరు. మెదడువాపు వైరస్ పందిలో పెరిగి, దోమ ద్వారా మనిషికి వస్తుంది. జనం మధ్య పందులు పెంచేవాళ్ల తరఫున నేను మాట్లాడను.

ఇక మీ ఆఖరి ప్రశ్న, సంతకు తోలేయాలా అన్నది. ఇప్పుడు వద్దు. నోటీసు భయంతో హడావిడిగా అమ్మేవాడి మొహం బేరగాడికి ఇట్టే తెలిసిపోతుంది, సగం ధరకు అడుగుతాడు. పైగా నిండు చూడి గేదెను వ్యానులో ఎక్కించి తిప్పడం మంచిది కాదు. జవాబులో ఆ సంగతి కూడా రాయండి, ఈనేదాకా గడువు అడగండి. ఈ కారణం చూపి అడిగితే కాదనే అధికారిని నేను పెద్దగా చూడలేదు. ఈనాక పెయ్యను ఏదైనా పల్లెలో చుట్టాలకు పాలుకు, అంటే వాటా మాట్లాడుకుని పెంపకానికి ఇచ్చేయండి. పట్టణం ఇంట్లో రెండుకు మించనివ్వకండి. మీ అత్తగారు పాడిని పెంచాలనుకుంటే మాత్రం అది ఈ రెండు వందల గజాల్లో జరిగే పని కాదు. వ్యవసాయ జోన్‌లో గానీ, పంచాయతీ పరిధిలో గానీ చోటు చూసుకోవాలి. ఉపాధి హామీలో గోకులం షెడ్లు, అంటే పశువుల షెడ్లు ఇచ్చింది కూడా పల్లెల్లోనే. ముందు ఈ వారం తూము, సాల, తొట్టి పని ముగించి జవాబు ఇన్వార్డులో వేయండి. వాళ్లు దాని మీద ఏమని ఎండార్స్‌మెంటు, అంటే రాతపూర్వక జవాబు ఇచ్చారో ఇక్కడ రాస్తే, దాన్ని బట్టి తర్వాతి అడుగు చెబుతాను.